కుర్చీకి ఎడమ పక్క

ఇరవై రెండు మెట్లలో పదకొండు ఎక్కి, మలుపు దగ్గర గోడకు చెయ్యి ఆనించి ఆగింది ఆమె. ఎవరైనా కిందినుంచి వస్తే తాళాల కోసం వెతుకుతున్నట్టు కనిపించాలని సంచీలో చెయ్యి పెట్టి కెలుకుతూ నిలబడింది. తాళాలు రెండో చేతిలోనే ఉన్నాయి. ఎడమ మోకాలు కాస్త దారికి వచ్చాక, కుడికాలు ముందు వేసి, ఎడమకాలిని దాని పక్కకు లాక్కుంటూ, మిగతా పదకొండూ ఒక్కొక్కటిగా ఎక్కింది. తొమ్మిదింటికి తెరిచే ఆస్పత్రికి ఎనిమిదింపావుకే రావడంలో ఉన్న రహస్యం ఇదే. తను మెట్లెక్కే వైభవం ఎవరి కంటా పడకూడదు, ముఖ్యంగా డాక్టరు గారి కంట.

పళ్ల డాక్టరు గారి దగ్గర పనికి చేరి ఇరవై ఆరేళ్లయింది. వచ్చేవాళ్లలో చిన్నా పెద్దా అందరికీ ఆమె అక్కే. ఆమెకంటే పదేళ్లు పెద్దవాళ్లు కూడా కుర్చీలో పడుకోగానే "అక్కా, నొప్పెడుతుందా?" అని చంటిపిల్లల్లా అడిగేవారు. డాక్టరు గారు మాత్రం మొదటిరోజు పిలిచినట్టే ఇప్పటికీ "అమ్మాయ్" అనేవారు. మనవరాలు బడికి పోతున్న అమ్మాయి ఆమె.

కిటికీలు తెరిచింది. ఆకుపచ్చ రెక్సిన్ కుర్చీని తడిగుడ్డతో తల నుంచి కాళ్ల వరకు తుడిచింది. ఉడికించిన పనిముట్లను పళ్లెంలో వరసగా పేర్చి, పైన తెల్లగుడ్డ కప్పింది. అప్పుడు రోజువారీ పుస్తకం తెరిచింది. పొద్దున ఇద్దరు, తను రాసినవాళ్లే. మధ్యాహ్నం పేజీలో మాత్రం తన రాత కానిది ఒకటి కనబడింది. "మూడు గంటలు. బస్టాండు ఆయన. కింది జ్ఞానదంతం." అక్షరాలు చలికి వణికినట్టు ఉన్నాయి. అవి డాక్టరు గారివి.

ఆమె ఆ వరసను వేలు పెట్టి రెండోసారి చదివింది.

పొద్దున ఇంట్లో చెప్పులు ముందుకు జరుపుతూ ఇంటాయన అననే అన్నాడు.

"ఇంకెన్నాళ్లే ఆ మెట్లు?"

"నేను మానేస్తే డాక్టరు గారు ఏమైపోతారండీ?"

"ఏమైపోతానని ఆయన నీతో చెప్పాడా?"

"అన్నీ నోటితో చెప్తారా ఏమిటి? చూస్తే తెలీదూ?"

చూస్తే తెలియడం గురించి ఆమెతో వాదించి నెగ్గినవాళ్లు ఆ ఇంట్లో ఎవరూ లేరు.

అది ఉత్త గొప్ప కాదు, ఆమె వృత్తే అది. నోరు తెరిచి పడుకున్న మనిషి మాట్లాడలేడు. నోట్లో అద్దం, డ్రిల్లు, ఉమ్మి లాగే గొట్టం ఉండగా ఎంత మాటకారికైనా "ఆఁ", "ఊఁ" తప్ప మిగలదు. డాక్టరు గారి చూపంతా ఒక్క పంటి మీదే ఉంటుంది. మిగతా మనిషినంతా చూసుకునే పని ఆమెది. కుర్చీకి ఎడమ పక్క నిలబడి, గొట్టం పట్టుకుని, ఆమె కాళ్ల వైపు చూసేది. మొహాలు పరువు కోసం అబద్ధాలాడతాయి, కాలివేళ్లకు ఆ తెలివి లేదు. బొటనవేలు పైకి లేస్తే భయం. వేళ్లన్నీ లోపలికి ముడుచుకుంటే నొప్పి. ఒక పాదం ఇంకో పాదం మీదికి ఎక్కిందంటే, ఇంకా ఎంతసేపురా బాబూ అని విసుగు. బూట్లతో వచ్చినవాళ్లయితే గొంతులో ముడి కదలడం చూసేది, కుర్చీ చేతుల మీద పిడికిళ్లు చూసేది.

నొప్పి అని తోచిన క్షణాన గొట్టం కొనతో డాక్టరు గారి అద్దం కాడను ఒక్కసారి తాకేది. టిక్. అంతే. డాక్టరు గారు ఆగేవారు. "కాస్త ఊపిరి పీల్చుకోండి" అనేవారు. పడుకున్న మనిషికి ఆ చప్పుడు వినిపించదు, వినిపించినా ఇనుప సామాను చప్పుడే అనుకుంటాడు. ఈ పద్ధతి ఎవరూ ఎవరికీ నేర్పింది కాదు. చేరిన మొదటి ఏడాది ఒకసారి చెయ్యి జారి తగిలితే ఆయన ఆగారు, ఆ పూట నుంచి అది ఇద్దరి మధ్యా మాట అయి కూర్చుంది. బయట మాత్రం డాక్టరు గారి చేతిలో అసలు నొప్పే తెలియదని పేరు. ఆ పేరులో తన వాటా ఎంతో ఆమెకు తెలుసు, తెలిసి ఊరుకుంది.

నాలుగు నెలల కిందట ఆ చప్పుడు తనంతట తానే రావడం మొదలైంది. ఆమె గొట్టం కదపలేదు. అద్దమే వచ్చి గొట్టానికి తగిలింది. టిక్, టిక్, టిక్. ముందు తన చెయ్యే అనుకుని గొట్టాన్ని గట్టిగా పట్టుకుంది. చప్పుడు ఆగలేదు. అప్పుడు తలెత్తి చూస్తే, మాస్కు పైన డాక్టరు గారి కళ్లు పంటి మీదే నిలకడగా ఉన్నాయి, కింద చెయ్యి మాత్రం ఆయన మాట వినడం లేదు.

ఆరోజు నుంచి ఆమె కళ్లలో వత్తులు వేసుకుని ఆయన్ని కాపాడుకుంటూ వచ్చింది. పన్ను పీకించుకోవాలని ఫోను చేసినవాళ్లకు "డాక్టరు గారికి ఈ నెలంతా ఖాళీ లేదండీ, పెద్దాసుపత్రికి వెళ్లండి" అని చెప్పింది. పుస్తకంలో పళ్లు శుభ్రం చేయించుకునేవాళ్లను, కట్టుడు పళ్లు బిగుతయ్యాయనేవాళ్లను నింపింది. పదకొండింటి టీ సగం కప్పే పోసింది, సాసరులోకి ఒలకకుండా. ఆయనకు ఇవేవీ తెలియవనే ఆమె నమ్మకం. తెలిస్తే తట్టుకోలేరు. భార్య పోయి ఆరేళ్లయింది, పిల్లలు లేరు. సాయంత్రం పని అయిపోయాక కూడా పేపరు ముందేసుకుని ఇక్కడే కూర్చుంటారు. "నువ్వు వెళ్లమ్మాయ్, నేను తర్వాత దిగుతా" అంటారు. ఖాళీ ఇంటికి వెళ్లబుద్ధి కాదని ఆమెకు వేరే చెప్పాలా? ఈ గది ఒక్కటే ఆయన్ని నిలబెడుతోంది. అది కాస్తా పోతే మనిషే పోతాడు.

తొమ్మిదింటికి డాక్టరు గారు వచ్చారు. తెల్లకోటు తొడుక్కున్నారు. గుండీలు పెట్టుకోవడానికి కిటికీ వైపు తిరిగి, చాలాసేపు వీధిని చూశారు. ఆమె పళ్లెం మీద గుడ్డ సర్దింది, అది సర్దే ఉన్నా.

"బస్టాండు ఆయన్ని మీరే రాసుకున్నట్టున్నారండీ" అంది.

"నిన్న టీ కొట్టు దగ్గర పట్టుకున్నాడు. మీరే తీయాలి, ఇంకొకరి ముందు నోరు తెరవను అని కూర్చున్నాడు."

"కింది జ్ఞానదంతం కదండీ. పెద్దాసుపత్రికి పంపిస్తే..."

"చూద్దాంలే."

చూద్దాంలే అన్నప్పుడు ఆయన గొంతులో ఏముందో పట్టుకోవాలని చూసింది, దొరకలేదు. ఆయనకు కాలివేళ్లు కనబడకుండా బూట్లు వేసుకునే అలవాటు.

పొద్దున మొదట వచ్చినవాడు వ్యాయామశాల నడిపే వస్తాదు. గుమ్మంలో పక్కకు తిరిగితే గాని పట్టని మనిషి. "కానివ్వండి సార్, మనకవేం లెక్క లేదు" అంటూ పడుకున్నాడు. ఇంకా దీపమైనా వెలిగించలేదు, రెండు బొటనవేళ్లూ నిటారుగా లేచాయి. ఆమె వంగి అతని భుజం మీద చెయ్యి వేసింది. "ఉత్త శుభ్రం చేయడమే బాబూ, సూది లేదు." వేళ్లు వాలిపోయాయి. "సూదికి భయపడేవాడినా అక్కా నేను?" అన్నాడు వస్తాదు. "అబ్బే, నువ్వెందుకు భయపడతావు" అంది ఆమె. డాక్టరు గారు మాస్కు వెనక నవ్వారు. తర్వాత వచ్చిన ముసలాయన కట్టుడు పళ్లు ఏమాత్రం గుచ్చుకోవడం లేదని మూడుసార్లు చెప్పాడు. గుచ్చుకునే చోటు ఏదో ఆమె కళ్లతోనే డాక్టరు గారికి చూపించింది. ఆయన కాస్త అరగదీసి ఇచ్చారు. ముసలాయన ఆశ్చర్యపోయి, ఇలా ఉండొచ్చని తనకింతవరకూ తెలియదన్నాడు. ఈ పనులన్నీ జరుగుతూ ఉండగా నోళ్లలో గొట్టానికి అద్దం తగులుతూనే ఉంది. టిక్, టిక్.

మధ్యాహ్నం డబ్బా మూత తీసి, రెండు ముద్దలు తిని మూసేసింది.

బస్టాండు ఆయన మూడింటికి ఐదు నిమిషాలు ఉండగా వచ్చాడు. ఏ బస్సు ఎక్కడ ఆగుతుందో, ఏది ఎంత ఆలస్యమో పొద్దున్నుంచి సాయంత్రం దాకా మైకులో చెప్పడం ఆయన ఉద్యోగం. ఊళ్లో ఆయన మొహం తెలిసినవాళ్లు పదిమంది ఉంటారేమో, గొంతు తెలియని మనిషి మాత్రం లేడు. ఆ గొంతుతో "నమస్కారం అక్కా" అంటే సంచీ సర్దుకుని లేచి నిలబడాలనిపిస్తుంది.

ఆమె ఎక్స్‌రే ఫిల్ము తీసి వెలుతురుకు ఎత్తి చూసింది. ఇన్నేళ్లలో అది చదవడం ఆమెకు కొట్టిన పిండి. పంటి వేరు నరం మీద కాలు మోపి కూర్చుంది. పనిముట్టు వెంట్రుకవాసి జారినా చాలు, కింది పెదవి సగం జన్మంతా మొద్దుబారిపోతుంది. ఇంకొకరికైతే ఎలాగో బతుకు నడుస్తుంది. ఈయనకు పెదవులే బతుకు. ఆ ఫిల్ము డాక్టరు గారి చేతికిచ్చింది. ఫిల్ము ఆయన చేతిలో గాలికి ఆకులా కదిలింది. ఆయన దాన్ని బల్ల మీద పెట్టి చూశారు.

మత్తు ఇంజెక్షన్ బాగానే అయింది. డాక్టరు గారు తన కుడిచెయ్యిని ఎడమచేత్తో ఒత్తిపట్టుకుని మరీ ఇచ్చారు. పదినిమిషాలు ఆగారు. అద్దంతో బుగ్గ పక్కకు తీసి, పన్ను కదిపే పనిముట్టు కోసం చెయ్యి చాపారు. ఇరవై ఆరేళ్లుగా ఆ చెయ్యి చాపీ చాపకముందే అందులో అడిగింది పడేది. ఈరోజు ఒక్క క్షణం ఆలస్యమైంది. ఆయన తల తిప్పలేదు, చెయ్యి మాత్రం అలాగే గాలిలో ఉంచారు. ఆమె అందించింది.

బస్టాండు ఆయన కాళ్లు చూసింది. చెప్పులు విడిచిన పాదాలు, వేళ్లు వదులుగా, నిద్రపోతున్నవాడి వేళ్లలా ఉన్నాయి. నొప్పి లేదు, భయమూ లేదు. ఆయనకు డాక్టరు గారి మీద అంత గురి. పనిముట్టు కొన పంటి పక్కకు చేరింది. కొన చుట్టూ వణుకు. అద్దం గొట్టానికి తగులుతూ ఉంది, టిక్ టిక్ టిక్. వాటిలో ఇంకొకటి కలిస్తే డాక్టరు గారికి తెలుస్తుందా?

ఆమె గొట్టాన్ని కాస్త వెనక్కి తీసి, అద్దం కాడ మీద కొట్టింది. ఇరవై ఆరేళ్లలో ఆ చప్పుడుతో మొదటిసారి అబద్ధం చెప్పింది.

డాక్టరు గారు ఆగారు. పనిముట్టు బయటికి వచ్చింది.

"నొప్పిగా ఉందా?"

"లేబండీ, ఏం లేబు" అన్నాడు బస్టాండు ఆయన మొద్దుబారిన నోటితో. "కాబివ్వండి."

డాక్టరు గారు ఆయన్ని చూడలేదు. దీపం మీదుగా ఆమెను చూశారు. ఆమె చూపు దించుకోలేదు. కళ్లలో నీళ్లు తిరుగుతున్నాయని తెలుసు, అవి కూడా తుడుచుకోలేదు. ఆయన పనిముట్టును పళ్లెంలో పెట్టారు. చప్పుడు కాకుండా పెట్టాలని చూశారుగానీ చప్పుడైంది.

"మీ పన్ను నరానికి మరీ దగ్గరగా ఉందండీ" అన్నారు బస్టాండు ఆయనతో. "నేను తీయకూడదు. పెద్దాసుపత్రిలో మంచి కుర్రడాక్టరు ఉన్నాడు. ఉత్తరం రాసిస్తా."

ఉత్తరం ఆమె రాసింది, ఆయన సంతకం పెట్టారు. బస్టాండు ఆయన చాలా నొచ్చుకున్నాడు. నోరు తిరగక ఏమన్నాడో సగం తెలియలేదు కూడా. సాయంత్రం బస్సుల సంగతి ఎవరు చెబుతారోనని గొణుక్కుంటూ మెట్లు దిగిపోయాడు.

డాక్టరు గారు చేతులు కడుక్కున్నారు. తువ్వాలు పట్టుకుని కిటికీ దగ్గర నిలబడ్డారు.

"అమ్మాయ్, ఆయనకి నొప్పి లేదు."

"లేదండీ."

"మరి కొట్టావు."

"కొట్టానండీ" అంది.

"ఎన్నాళ్లైంది నువ్వు చూసి?"

"నాలుగు నెలలండీ."

"నేను చూసుకుని ఆర్నెల్లు." ఆయన తువ్వాలును మడత పెట్టబోయి, కుదరక, అలాగే కిటికీ చువ్వ మీద వేశారు. "నువ్వు సగం కప్పు టీ పోయడం మొదలుపెట్టినప్పుడే అర్థమైంది, నీకూ తెలిసిందని."

ఆమెకు ఒక్కసారిగా కోపం వచ్చింది. అంత కోపం ఆయన మీద ఎప్పుడూ రాలేదు.

"తెలిసీ ఎందుకు మానలేదండీ? ఈరోజు ఆ మనిషికేమైనా అయితే?"

"మానాల్సింది. తప్పు నాదే. వారం వారం అనుకుంటూనే ఉన్నా." ఆయన ఎదురు టీ కొట్టు వైపు చూశారు. "నీకోసం ఆగా."

"నాకోసమా!"

"మోకాళ్లు అంత బాధపెడుతున్నా ముప్పావుగంట ముందే వస్తావు. మలుపు దగ్గర ఆగి ఆగి ఎక్కుతావు. నేను ఎదురు టీ కొట్టులో కూచుని చూస్తూంటా, నువ్వు ఎక్కేశాకే వస్తా. ఇంత కష్టపడి వస్తోందంటే ఈ చోటంటే ఎంత ప్రాణమో, మూసేస్తే ఏమైపోతుందో అని..."

ఆమె గోడకు ఆనుకుంది.

"నాకా? నాకు మధ్యాహ్నంపూట కాళ్లు చాపుకుని పడుకోవాలని రెండేళ్లుగా ఉందండీ. చెయ్యి అంతలా వణుకుతున్నా వదలడం లేదంటే, ఇది లేకపోతే మీరు బతకరేమోనని నేను..."

"నేనా? మా అక్క తన ఊళ్లో, ఇంట్లో నాకోసం రెండేళ్లుగా గది తుడిపించి పెట్టింది. వారానికోసారి ఫోను చేసి ఎప్పుడొస్తావురా అని తిడుతుంది. ఎనభై రెండేళ్లు దానికి, తిట్టడానికి మనిషి దొరక్క అల్లాడిపోతోంది."

"మరి సాయంత్రాలు ఇంటికెళ్లకుండా పేపరు పట్టుకుని ఇక్కడే..."

"నేను వెనకాల వస్తుంటే నువ్వు గబగబా దిగుతావు. ఎక్కడ పడతావోనని."

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. ముందు ఆయన నవ్వారు. ఆమె నవ్వబోయింది, అది ఏడుపులోకి తిరిగింది. ఇన్ని పాదాలు చదివిన మనిషి. ఆయన చెయ్యి వణుకు సరిగ్గానే చదివింది, మెట్లమీద ఆమె కాళ్లను ఆయన సరిగ్గానే చదివారు. నొప్పి ఎక్కడుందో ఇద్దరికీ తెలుసు. ఎవరి కోసం ఓర్చుకుంటున్నారో మాత్రం ఇద్దరూ తలకిందులుగా చదువుకున్నారు. అడగాలని ఒక్కనాడూ తోచలేదు. నోరు తెరిచి మాట్లాడలేనివాళ్ల మధ్య ఇన్నేళ్లు పనిచేసి, మాట్లాడగలిగిన మనిషిని కూడా అడగవచ్చన్న సంగతే మరిచిపోయింది.

డాక్టరు గారు కోటు విప్పి కొక్కేనికి తగిలించారు. "రాసుకున్నవాళ్లందరికీ రేపు ఇంటినుంచి ఫోన్లు నేనే చేస్తా. నువ్వు రావద్దు. తాళాలు కింద కొట్టులో ఇచ్చి వెళ్లు. అక్క దగ్గరికి ఆదివారం బయల్దేరతా" అన్నారు. ఇరవై ఆరేళ్ల పని ముగియడానికి ఆ నాలుగు మాటలు సరిపోయాయి. గుమ్మం దాకా వెళ్లి ఆగారు.

"లోపలి గదిలో, పాత బీరువా వెనక ఒకటుంది అమ్మాయ్. మూడేళ్ల కిందట తెప్పించా, నీకనే. ఇస్తే నీకు వయసైపోయిందని అన్నట్టవుతుందేమో, నొచ్చుకుంటావేమో అని..." మాట అక్కడే వదిలేసి బయటికి నడిచారు.

ఆయన ఆమె కంటే ముందు దిగడం అదే మొదటిసారి. ఆమె నిలబడి అడుగులు విన్నది. మలుపు దగ్గర అవి ఆగిపోయాయి. చాలాసేపు కదల్లేదు. ఎప్పటిలా అయితే ఎందుకాగారో తనే ఊహించుకుని, దానికి తగ్గ పని ఏదో చేసేది. ఆమె గుమ్మంలోకి వచ్చింది.

"ఏమైందండీ?" అని గట్టిగా అడిగింది.

కిందినుంచి జవాబు వచ్చింది.

"కళ్లజోడు తుడుచుకుంటున్నానమ్మాయ్."

అడుగులు మళ్లీ మొదలై, వీధి చప్పుడులో కలిసిపోయాయి.

బీరువా వెనక, పాలిథిన్ కవరులో చుట్టి, ఒక స్టూలు ఉంది. నల్లటి గుండ్రని మెత్త, కింద ఐదు చక్రాలు. నిలబడి పనిచేసేవాళ్లు కూర్చుని పనిచేసుకోవడానికి చేసింది. కవరు విప్పి, దాన్ని దొర్లించుకుంటూ ముందుగదిలోకి తెచ్చింది. చక్రాలు చప్పుడు చేయలేదు. కుర్చీకి ఎడమ పక్క, తను నిలబడే చోట ఆపింది. ఎత్తు మార్చే కడ్డీ మీద ఒకచోట తెల్ల ప్లాస్టరు రెండు చుట్లు చుట్టి ఉంది, సీటు సరిగ్గా అక్కడికి దించి ఉంది. కూర్చుంది. రెండు పాదాలూ నేలకు ఒత్తుగా ఆనాయి, మోకాళ్ల మీద బరువన్నది లేదు. ఆమె ఎత్తు ఎవరూ ఎప్పుడూ కొలవలేదు.

"మూడేళ్లు!" అంది పైకే, ఖాళీ గదితో. తిట్టినట్టే అంది. తర్వాత కొంగు మొహానికి అడ్డం పెట్టుకుని, కూర్చునే, కావలసినంతసేపు ఏడ్చింది.

లేచి పనిముట్లు ఉడకేసి, ఆరబెట్టి, కిటికీలు మూసింది. స్టూలును ఇంటికి తీసుకుపోవాలని ఉంది గాని, ఇరవై రెండు మెట్లు దాన్ని దించే కాళ్లు ఆమెవి కావు. తలుపు మూయబోతూ ఒకసారి లోపలికి చూసింది. కుర్చీకి ఎడమ పక్క, కొత్త మెత్త మీద ఆమె కూర్చున్నంత మేరా చిన్న గుంట పడి, కడ్డీ మీద మూడేళ్ల ప్లాస్టరు అంచులు ఎండిపోయి పైకి లేచి ఉన్న ఆ నల్లటి స్టూలు.